నేరేడుచర్లల నన్ను కుట్టిన సముద్రపు నత్త

సముద్రం వాసన గూడ రాని నేరేడుచర్లల, సముద్రపు నత్త విషమెక్కి సావబోయిన మనిషిని ఎప్పుడన్న చూసిన్రా? లేకుంటే నన్ను చూడుర్రి. పెండ్లయిన కొత్తల ముచ్చట.

నేను, మా ఆయన, అత్తమ్మ సముద్రం ఒడ్డునున్న వేళాంకణి పోయొచ్చినం. చర్చి బయట దుకాణంల ఒక గుల్ల కొన్న. ఒక కొస సన్నగ, ఇంకో కొస లావుగ, మీద గోధుమరంగు గీతలు. కలంకారీ చీర చుట్టి పెట్టినట్టుంది. ఇంటికొచ్చినంక తళతళ మెరిసేటట్టు తోమి, ఫొటో తీసి, కోదాడల డిగ్రీ చదివే మా ఆడబిడ్డ స్టెల్లాకు పంపిన.

వెంటనే ఫోన్ చేసింది. "వదినా, అది కోన్ స్నెయిల్! సూది ఇసిరి చేపల్ని పడగొట్టి మింగుతది. మనుషులు గూడ సచ్చిపోతరంట. విరుగుడు లేదంట!"

అప్పటికే నా వేలు సురుక్కుమంటుంది. చూస్తే ఎర్రటి చుక్క!

"అత్తమ్మా, గుల్ల కుట్టింది!"

"అండ్ల నత్త సచ్చి ఎన్నేండ్లయిందో! ఎట్ల కుడతదే?"

"సచ్చినా విషం ఉంటదత్తమ్మా!"

అత్తమ్మను ఎంటబెట్టుకొని మిర్యాలగూడ ఆటో ఎక్కిన. ఆటోల అందరు జాలిగలోళ్లే. ఒకామె "విషం పైకెక్కొద్దు" అని నా వేలుకు రుమాలు కట్టింది. "గిట్ల కడితే ఆగుతదా?" అని ఇంకొకాయన దాని మీద సుతిలి తాడు బిగించిండు. దవాఖాన చేరేసరికి వేలు వంకాయ రంగుకొచ్చింది, గిల్లినా తెలుస్తలేదు. ఇగ నా పని ఖతం అనుకున్న. రైసుమిల్లుల పనిచేసే మా ఆయన ఒంటి మీద తౌడుతోనే ఉరికొచ్చిండు.

"ఏం కుట్టిందమ్మా?" అని డాక్టరు అడిగిండు.

"సముద్రపు నత్త సార్."

"ఎక్కడ?"

"నేరేడుచర్లల."

డాక్టరు చేతిల పెన్ను కింద పెట్టిండు. కట్టు విప్పి వేలు ఒత్తిండు. జర సేపటికి వేలు రంగు మారింది, ఎంటనే నొప్పి మొదలైంది.

"విషం కాదమ్మా, సుతిలి. ఇంకింత సేపైతే వేలే పోయేది."

తర్వాత ఆ ఎర్రటి చుక్కలకెళ్లి వెంట్రుకంత తీగముక్క గుంజి చూపెట్టిండు. "గుల్ల దేంతోని తోమినవ్?"

"గిన్నెలు తోమే స్టీలు పీచుతోని."

"కుట్టింది అదే."

అత్తమ్మ ముందుకొచ్చి అడిగింది. "మరి దీనికన్న విరుగుడు ఉన్నదా సార్?"

"ఉన్నదమ్మా. కొబ్బరి పీచు."

నర్సు గూడ నవ్వింది. నేను మాత్రం దవాఖాన మెట్ల మీద నిలబడి, కట్టుకట్టిన వేలు పైకెత్తి, వేళాంకణి మాత సాక్షిగ ఒట్టేసిన: ఈ జన్మల స్టీలు పీచు ముట్ట, గిన్నెలు తోమ!

దేవుని తల్లి మీద వేసిన ఒట్టు తప్పొద్దు గదా. అందుకే ఇప్పటికీ మా ఇంట్ల గిన్నెలు మా ఆయనే తోముతుండు.