దొరగారి ఇంటిపేరు

అబుదాబి వీసా ఆఫీసులో "థ్రెల్‌ఫాల్" అని పిలవగానే లేచాను. పక్కనున్న ముసలి ఇంగ్లీషాయన కూడా లేచాడు.

మా ముత్తాత, తనకు బాప్తిస్మమిచ్చిన దొరగారి ఇంటిపేరే పెట్టుకున్నాడు. ఈ పేరు నీకెక్కడిదని ఎవరడుగుతారోనని, నర్సుగా ఇక్కడికొచ్చిన నాటినుంచీ నాకు బెంగే. ఇప్పుడు అసలువాళ్లే ఎదురయ్యారు.

"సారీ సర్, మాది మీవాళ్లిచ్చిన పేరు," అన్నాను ఇంగ్లీషులో.

"మాకిచ్చింది ఓ ఊరు. బానిస అడవి కొట్టి చదునుచేసిన నేల అని ఆ ఊరిపేరుకి అర్థం. ఆ బానిస పేరు మాత్రం ఎవరికీ తెలీదు," అంటూ నన్నే ముందు వెళ్లమని చెయ్యి చూపాడు.

కౌంటర్లో అమ్మాయి, "ఇది మీ ఇంటిపేరేనా?" అంది.

"మాదే," అన్నాను.

మా నాన్న ఇప్పటికీ చర్చిలో అందరికీ మనది దొరల పేరని చెప్పుకుంటాడు. దానర్థం ఆయనకు నేనింకా చెప్పలేదు.