ఎండలో రబ్బరు బూట్లు

కాలువల శాఖలో ఇంజనీరైన స్నేహితుడుంటే విలేకరికి ఏం లాభమని ఎవరైనా అడిగితే, ఏమీ లేదని అనుభవం మీద చెప్పగలను. నీళ్ళు వదిలే తేదీ వాడి నోట ఒక్కసారి కూడా ముందుగా వినలేదు. మిర్యాలగూడ ఆఫీసు నుంచి ప్రకటన వచ్చాకే అందరితో పాటు నాకూ తెలిసేది. సూర్యాపేటలో మా పత్రిక వాళ్ళు, నీ దోస్తే కదా, అని ఎత్తిపొడిచేవారు. దోస్తే. ఊరంతా సారు అనే మనిషిని వాడు అనే హక్కు కాలేజీ బెంచీ నాకిచ్చింది. అంతకు మించి ఏమీ ఇవ్వలేదు.

వాడి సొంతూరు కోదాడ. నెలకో ఆదివారం నేరేడుచర్లలో మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఆఫీసు జీపు సొంత పనికి వాడడు కాబట్టి షేర్ ఆటోలో ఇరుక్కుని వచ్చేవాడు. ఆటో మా సందు మొదట్లోనే ఆగుతుంది. వాడు మాత్రం బస్టాండు దగ్గరే దిగి, రైసుమిల్లు ముందు కాసేపు, ఎరువుల దుకాణం ముందు కాసేపు నిలబడి, చాయ్ తాగి, బజారంతా నడిచి చేరేవాడు. అప్పుడప్పుడు మోకాళ్ళ దాకా నల్ల రబ్బరు బూట్లు తొడుక్కుని వచ్చేవాడు. మండే ఎండలో ఆ వేషం చూసి నాకు నవ్వొచ్చేది. కాలువ మీద నుంచి తిన్నగా ఇటే వచ్చాడనుకునేవాణ్ణి.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. పాలకీడులో మా అక్క బోరు నీళ్ళను నమ్ముకుని వరినారు పోసింది. బోరు వట్టిపోతోంది. కాలువ నీళ్ళు రాకపోతే నారు ముదిరి నాటుకు పనికిరాదు. పెన్‌పహాడ్ రైతొకాయన నారంతా కొంటానని వచ్చాడు. అమ్మితే పొలం బీడు. ఉంచుకుంటే, నీళ్ళు రాని పక్షంలో పొలమూ బీడే, నారూ దండగే. మర్నాడు మాట చెబుతానని అక్క మా ఇంటికొచ్చి కూర్చుంది. అది వాడు వచ్చే ఆదివారం.

వాడు బూట్లు గడప బయట విడిచి లోపలికి వచ్చాడు. నీళ్ళెప్పుడని అడిగాను.

"ముందు అన్నం పెట్టించరా. ఆకలేస్తుంది."

గోంగూర పచ్చడి మళ్ళీ మళ్ళీ వేయించుకుని, మిరపకాయల్లో రకాల గురించి చాలాసేపు మాట్లాడాడు. మళ్ళీ అడిగితే, ప్రకటన వస్తుందిగా, రాసేది నువ్వే, అన్నాడు. అక్క ముందు నాకు తల కొట్టేసినట్లయింది. వాడు వెళ్ళాక, నారు అమ్మెయ్యమన్నాను. అక్క గడప వైపు చూస్తూ తలూపింది.

మర్నాడు ఆ రైతును ఉత్త చేతులతో పంపేసిందని తెలిసి కోప్పడ్డాను. ఆ వారంలోనే కాలువ పారింది. అక్క మొండితనానికి అదృష్టం తోడైందనుకున్నాను. వాడితో మాత్రం మాట మానేశాను. వాడది గమనించనట్లే మరుసటి నెల వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు, ఈసారి చెప్పులతో.

మొన్నటి చలికాలంలో వాడు పోయాడు. అక్కా నేనూ కోదాడ వెళ్ళాం. వరండాలో ఆ బూట్లు కనిపించాయి, అడుగులు అరగనే లేదు. ఇన్నేళ్ళు కాలువ మీద తిరిగీ ఎంత పదిలంగా ఉంచాడో అన్నాను. వాడి భార్య తల అడ్డంగా ఊపింది.

"కాలవ మీద చెప్పులే అన్నయ్యగారూ. ఇవి మీ ఊరొచ్చేటప్పుడే, అదీ ఎప్పుడో ఓసారి. కాళ్ళు ఒరుసుకుని బొబ్బలెక్కేవి. ఎందుకండీ అంటే నవ్వేవారు."

తిరుగు బస్సులో నాకు మెల్లగా వెలిగింది. బూట్లు వచ్చిన ప్రతిసారీ వెనకే నీళ్ళు వచ్చాయి. ఏదో కనిపెట్టినవాడిలా అక్కకు చెప్పాను. ఆమె కిటికీ లోంచి చూపు తిప్పలేదు.

"గది బజారందరికీ ఎరుకే తమ్మీ. సారు బూట్లేసుకొని వచ్చిండంటే నీళ్ళొస్తయని మాకిగ నారు రంది లేకుండె. నీకొక్కనికే ఎవ్వలు చెప్పలె. చెప్తే పేపర్ల రాస్తవ్, సారు నౌకరీ మీదికొస్తది."