అంచు పువ్వుకీ గింజ ఉంది

నా చిన్నప్పుడు, రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక వేసవి సెలవుల్లో, పొద్దుతిరుగుడు పువ్వు వల్ల ఇల్లంతా అల్లకల్లోలమైపోయింది. మా పిన్ని వెక్కి వెక్కి ఏడుస్తోంది. మా అమ్మమ్మ ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడిపోయింది.

పిన్ని అమలాపురం కాలేజీలో బియస్సీ చదివేది. వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే చదువు మానిపించేస్తానని మా తాతయ్య ఖండితంగా చెప్పేశారు. మర్నాడే పరీక్ష. పువ్వుని కోసి, విప్పి చూసే అలవాటు చేసుకోవడానికి ఎవరినో బతిమాలి ఒక పొద్దుతిరుగుడు పువ్వు తెచ్చుకుని గ్లాసులో పెట్టుకుంది. అంత పెద్ద పచ్చటి పువ్వుని చూసి మురిసిపోయిన అమ్మమ్మ దాన్ని కాస్తా దేవుడి పటానికి పెట్టేసింది.

“పూజకి తెచ్చేవనుకున్నానే తల్లీ, నాకేం తెలుసు!” అని బాధపడింది కానీ, తీసిమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. దేవుడికి పెట్టిన పువ్వుని బ్లేడుతో కోస్తామంటే ఆవిడ ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది?

ఇంకో పువ్వు పనికిరాదా అని అడిగాను. చామంతి జాతిదైతే ఏదైనా ఫరవాలేదంది పిన్ని, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మండుటెండల్లో చామంతులెక్కడ దొరుకుతాయి? కానీ చామంతి అన్న మాట చెవిన పడగానే నాకు కాలవగట్టు కళ్ళముందు మెదిలింది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను.

గట్టు పొడుగునా గడ్డి చామంతే. మేం దాన్ని పలకాకు అనేవాళ్ళం. ఆకు నలిపి పలకలు తుడుచుకునేవాళ్ళం, మోకాలు చెక్కుకుపోతే రసం పిండుకునేవాళ్ళం. సన్నటి పొడుగాటి కాడ చివర చొక్కా బొత్తామంత ఉండే ఆ పువ్వుని మాత్రం ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒడి నిండా కోసుకుని ఇంటికొచ్చి పడ్డాను.

పిన్ని ఏడుపు మొహంతోనే నవ్వేసింది. “ఓసి నీ తెలివి బంగారం కానూ! ఇదీ ఆ కుటుంబమేనే!”

వీధరుగు మీద నా పలక పెట్టి, దాని మీద ఒక పువ్వుని నిలువుగా కోసి, భూతద్దం నా చేతికిచ్చింది. చూశాను. నడిమధ్య పసుపుపచ్చ పొడిలా కనిపించేదంతా పొడి కాదు, పువ్వులు! ఒక్కొక్కటీ సన్నటి గొట్టం, పైన చిన్న నక్షత్రంలా విచ్చుకున్న మూతి, లోపల పుప్పొడి, అడుగున దాని గింజ దానికి. ఒక ఊరు ఊరంతా ఆ బొత్తాంలో కాపురం ఉంటోంది! నా అరుపులకి అమ్మమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, తనూ భూతద్దంలో చూసి, “ఈ కలుపు మొక్కకి ఇంత సంసారమా!” అని బుగ్గ మీద వేలేసుకుంది.

పిన్ని గబగబా పాఠం అప్పజెప్పుకోవడం మొదలెట్టింది. చుట్టూ రేకుల్లా కనిపించేవీ పువ్వులేనట, కానీ ఆ అంచు పువ్వులు ఉత్త సోకుకేనట, పురుగుల్ని పిలవడానికేనట, వాటికి గింజ కట్టదట. ఆ మాటలు వింటూనే నేను సూదితో ఒక అంచు రేకుని ఊడదీశాను. దాని కింద బుల్లి గింజ, గింజకి నూగు కుచ్చు.

“దీనికీ గింజ ఉంది పిన్నీ!”

“ఉండదే. పుస్తకంలో రాసుంది.”

“ఉంది. నువ్వే చూడు!”

చూసింది. ఇంకోటి ఊడదీసి చూసింది. ఇంకో పువ్వు తీసుకుని దాని అంచులన్నీ విప్పింది. అన్నిటికీ గింజలున్నాయి. వాటిలో పుప్పొడి లేదు కానీ, రెండుగా చీలిన సన్నటి దారం లాంటిది ఉంది. అంటే అవి ఆడపువ్వులన్నమాట. పిన్ని భూతద్దం పలక మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా, “నేను చదివింది పొద్దుతిరుగుడు గురించే. అదే దీనికీ అంటగట్టేస్తున్నాను. నువ్వు చూసేవు, నేను చూడలేదు,” అంది. అంత చదువుకున్న మనిషి, పలక పట్టుకు తిరిగే నాతో ఆ మాట అనడం నాకెంత గర్వమో చెప్పలేను.

మర్నాడు తాతయ్య వెంట నేనూ అమలాపురం వెళ్ళాను. కాలేజీ వరండాలో ఆయన పచార్లు చేస్తూనే ఉన్నారు. తలుపు తెరుచుకోగానే పిన్ని పరుగున వచ్చింది.

“గడ్డి చామంతే ఇచ్చేరు నాన్నగారూ! అంచు పువ్వులకి గింజ కడుతుందని రాసేను. ఖాయమేనా అని అడిగేరు మాస్టారు. విప్పి చూపిస్తానండి అన్నాను. ఎదురుగానే విప్పేను!”

“ఆయనేమన్నారు?”

“చూసి, నవ్వేరండి!”

తాతయ్య మొహం అటు తిప్పుకున్నారు. అటే చూస్తూ, “పై చదువుకి రాజమండ్రి వెళ్ళాలంటావేమో, ఇప్పుడే చెప్పు,” అన్నారు. నేను ఎగిరి గంతేశాను. పిన్ని నిజంగానే వెళ్ళింది, చదివింది, చాలా ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పింది.

నాకు ఆ శాస్త్రం అబ్బలేదు. కానీ ఆ అరుగు మీద అబ్బినది ఇప్పటికీ వదల్లేదు. మొన్న మా మనవడికి ఒక సంబంధం వచ్చింది. “ఆ ఇంటి పిల్లలందరికీ నోరెక్కువండి, ఈ అమ్మాయీ అంతే అయ్యుంటుంది,” అని ఒకావిడ నా చెవిలో వేసింది.

“ఆ పిల్లని నేనింకా చూడలేదండీ,” అన్నాను. “చూసేక చెబుతాను.”