కోటు వేసుకున్న ఫోటో

నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కోటు వేసుకోలేదు. తెనాలి మార్కెట్ దగ్గర కట్టిన ఫ్లెక్సీలో మాత్రం నల్లకోటు, తెల్లచొక్కా వేసుకుని ఉన్నాను. ఫ్లెక్సీ తయారుచేసినతను నా పాస్‌పోర్టు ఫోటోలోంచి తల కత్తిరించి ఎవరిదో ఒంటికి అతికించాడు. మెడ దగ్గర రంగు కలవలేదు. పైన ‘ప్రథమ ర్యాంకు’ అని నా తలకంటే పెద్ద అక్షరాలు. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘గ్రాండ్ టెస్ట్’ అని ఉంది.

గ్రాండ్ టెస్ట్ అంటే అసలు పరీక్ష కాదు. టీచరు ఉద్యోగాల పరీక్షకి ముందు కోచింగ్ సెంటరు వాళ్ళు పెట్టే మాదిరి పరీక్ష. అలాంటివి ఎనిమిది రాశాను. ఎనభై మార్కులకి ఏ ఒక్కదాంట్లోనూ డెబ్బైకి తగ్గలేదు. “నీ పోస్టు నీకోసమే కూర్చుని ఉందమ్మా, నువ్వెళ్ళి తెచ్చుకోవటమే తరువాయి” అన్నారు సారు. ఆయన అలా ఎంతమందితో అన్నారో నేను ఆలోచించలేదు. మనల్ని పొగిడే మాటని ఎవరూ తూకం వేసి చూసుకోరు.

మాది రేపల్లె. అమ్మ పుట్టిల్లు అడవులదీవి. నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళితే వారాల తరబడి ఇంటికి రాడు. అమ్మ మాత్రం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ పొద్దున్నే పాసింజరు రైలెక్కి తెనాలి మార్కెట్లో చేపలమ్మేది. నేను కోచింగ్‌లో చేరాక ఇద్దరిదీ ఒకటే రైలు. అమ్మ తన టబ్బులతో తలుపు పక్కన కూర్చుంటే నేను రెండు పెట్టెలవతల కూర్చునేదాన్ని. చదువుకోవటానికి అని చెప్పేదాన్ని. అందులో సగం అబద్ధం. మిగతా సగం కూడా వేమూరు దాటేసరికి నిద్రే.

మార్కెట్ షెడ్డులో అమ్మకి ఒక సిమెంటు బండ ఉండేది. షెడ్డులో బండ దొరకటం అంటే మాటలు కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు గేటు బయట ఎండలో గోనెపట్టా పరుచుకుని మొదలుపెట్టాలి. లోపలున్నవాళ్ళలో ఎవరైనా మానేసేటప్పుడు, బయట చాలాకాలంగా కూర్చున్న మనిషిని పిలిచి, తన కత్తిపీటకి పసుపు రాసి ఆమె చేతిలో పెడతారు. అంతే, బండ ఆమెది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. అలా ఇచ్చిన పీట మళ్ళీ అడిగితే గంగమ్మకి కోపం వస్తుందంటారు. అమ్మ కూడా అలాగే తొమ్మిదేళ్ళు ఎండలో కూర్చున్నాక లోపలికి వెళ్ళింది.

“నీకు ఉద్యోగం వచ్చిన రోజు ఈ టబ్బు దించేస్తానే” అని అమ్మ ఎప్పుడూ అంటుండేది. బరువులు మోసి మోసి మెడ నరం పట్టేసింది. ఎడమపక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే.

ఫ్లెక్సీ కట్టిన రోజు నేను జ్వరమొచ్చి ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం అమ్మ వచ్చింది. చేతిలో టబ్బుల్లేవు, కత్తిపీట లేదు. ఒక మిఠాయి పొట్లం మాత్రం ఉంది.

“ఏంటే, నాకు చెప్పకుండా దాచిపెట్టావా?” అంది. “ఊరంతా చూశారు. పూలమ్మే పిన్ని చదివి చెప్పింది, ఫస్టు ర్యాంకంట. కోటేసుకుని కలెక్టరులాగున్నావు.”

అమ్మకి చదువు రాదు. పూలమ్మే పిన్ని పెద్ద అక్షరాలు చదివి ఊరుకుంది.

“టబ్బులేవమ్మా?”

“ఇచ్చేశా. గేటు కాడ కూర్చునే చెల్లి లేదూ, దాన్ని పిలిచి పీట చేతిలో పెట్టా. పాపం, ఏడ్చింది. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దన్నా.”

అసలు సంగతి అప్పుడే చెప్పాల్సింది. అది ఉత్త మాదిరి పరీక్ష అమ్మా, అసలుది ఇంకా మూడు వారాలుంది అని చెబితే పొద్దున రైలుకి వెళ్ళి, నవ్వేసి, ఏదో ఒకటి సర్దుకునేవాళ్ళేమో. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నాకు. కానీ ఆ సోమలింగం పుడతాడనే నమ్మాను. ఎనిమిదిసార్లు డెబ్బై దాటినదాన్ని, తొమ్మిదోసారి దాటనా? మూడు వారాలు పోతే అబద్ధం దానంతటదే నిజమైపోతుంది కదా అనుకున్నాను.

“ఇంకొకటుందమ్మా, బాపట్లలో” అన్నాను. “పెద్దదేం కాదు. వెళ్ళి సంతకం పెట్టి రావటం లాంటిది.”

“సరే, నేనూ వస్తా” అంది అమ్మ.

ఆ మూడు వారాలూ అమ్మకి పొద్దున్నే ఏం చేయాలో తెలియలేదు. ఇంట్లో గిన్నెలన్నీ తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఒకరోజు గుమ్మంలో కూర్చుని చెయ్యి వాసన చూసుకుంటూ, “చేపల వాసన పోయిందే, ఇవి ఎవరి చేతులో అన్నట్టున్నాయి” అంది. ఎన్నేళ్ళ తర్వాతో మధ్యాహ్నం దిండేసుకుని పడుకుంది. మెడ కొంచెం తిరుగుతోందని, ఎడమపక్కకి తిప్పి నాకు చూపించింది.

బాపట్లకి బస్సులో వెళ్ళాం. అమ్మ పట్టుచీర కట్టుకుంది. పరీక్ష గేటు బయట చెట్టు నీడలో, పుస్తకాలు ముందేసుకుని ఆఖరి నిమిషం దాకా చదువుతున్న వాళ్ళ మధ్య, పెళ్ళివారిలా కూర్చుంది. “వీళ్ళంతా ఎందుకింత కంగారు పడతన్నారే?” అని అడిగింది. నేను హాల్‌టికెట్టు తీసి మళ్ళీ చూసుకున్నాను.

లోపల ఏసీ చలి. కంప్యూటరు మీద మొదటి ప్రశ్న చూశాను. నాకు తెలిసిన పాఠంలోదే. కానీ ఒక బడి, ఒక పిల్లాడు, వాడికి వచ్చిన ఇబ్బంది, నువ్వే టీచరువైతే ఏం చేస్తావు అని కథలా అడిగారు. రెండోదీ అంతే. మా సారు ఏ ప్రశ్న ఎలా అడుగుతారో, జవాబు ఎక్కడ దాస్తారో నాకు కంఠతా వచ్చు. ఎనిమిది పరీక్షల్లో నేను నేర్చుకున్నది పాఠాలు కాదు, మా సారునే. ఆ సంగతి అక్కడ, ఆ కుర్చీలో, ఇరవయ్యో ప్రశ్న దగ్గర తెలిసింది. భయం వేయలేదు. చేతులు చల్లబడ్డాయి, అంతే. మిగతా ప్రశ్నలకి తోచింది నొక్కుకుంటూ పోయాను.

బయటికి రాగానే అమ్మ లేచి చీర దులుపుకుంది.

“సంతకం అయిందా?”

“అయింది” అన్నాను.

ఫలితాలు రెండు నెలలకి వచ్చాయి. మధ్యాహ్నం ఫోన్‌లో చూశాను. నలభై ఆరు. నంబరు తప్పు కొట్టానేమోనని మళ్ళీ చూశాను. నలభై ఆరే. పక్కగదిలో అమ్మ దిండు మీద నిద్రపోతోంది. ఫోన్ పక్కన పెట్టి, రేపటి దోసెలకి మినప్పప్పు నానబోశాను. బియ్యం కూడా కడిగాను. ఆరేసిన బట్టలు తెచ్చి మడతపెట్టాను. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను కూడా. రాలేదు. పళ్ళ డాక్టరు సూదేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉంది.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. తిన్నాను, పడుకున్నాను, రైలెక్కి తెనాలి వెళ్ళాను. సారు నా స్కోరు చూసి, “ఒక్కోసారి అవుతుందమ్మా, వచ్చేసారి చూద్దాం” అని కొత్త బ్యాచ్ కూర్చున్న గదిలోకి వెళ్ళారు. స్టేషనుకి తిరిగొచ్చేటప్పుడు నా ఫ్లెక్సీ కింద నుంచే నడిచాను. పక్క దారి కూడా ఉంది. ఆ దారిన పోవాలని కూడా తోచలేదు. తోటివాళ్ళెవరో ఫోన్ చేసి “బాధపడుతున్నావా?” అంటే, నిజం చెప్పాను, లేదని. వాళ్ళు నన్ను గట్టిదాన్ని అనుకున్నారు.

అయిదో రోజు అమ్మ కంది పప్పులో రాళ్ళు ఏరుతూ అడిగింది.

“ఉద్యోగం కాగితం ఎప్పుడొచ్చిద్దే? మీ నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడగతన్నాడు.”

“రాదమ్మా” అన్నాను. ఆ ఒక్క మాట బయటికొచ్చాక మిగతాదంతా వరసగా వచ్చింది. ఫ్లెక్సీలోది మాదిరి పరీక్ష అని, బాపట్లలో రాసిందే అసలుదని, అందులో పోయిందని, నీకు ముందే చెప్పాల్సింది చెప్పలేదని. పాఠం అప్పజెబుతున్నట్టే చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలాగ వినిపించింది.

అమ్మ చేట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“అయితే ఆ రోజు గేటు కాడ నేను కూర్చుంది అసలు పరీక్షకా?”

“అవునమ్మా.”

“ముందే చెప్పుంటే గంగమ్మకి మొక్కుకునేదాన్ని గదే” అంది. “ఉత్తినే కూర్చున్నా అక్కడ. పక్కావిడతో చీరల కబుర్లు చెప్పుకుంటా కూర్చున్నా.”

మొక్కితే మార్కులు పెరగవని నాకు తెలుసు. అయినా నేను ఆమె దగ్గర్నుంచి ఏం తీసేసుకున్నానో అప్పుడు అర్థమైంది. నా కోసం భయపడే అవకాశం కూడా ఇవ్వలేదు ఆమెకి. అర్థమైంది గాని, ఏమీ అనిపించలేదు. అది ఇంకా సిగ్గుగా ఉంది.

“బండ అడుగుదామా అమ్మా? నేను వచ్చి చెబుతాను, తప్పు నాదని.”

“ఇచ్చింది తిరిగి అడుగుతారటే?” అంది అమ్మ. చేట మళ్ళీ అందుకుంది. “దానికి మాత్రం పిల్లల్లేరా?”

రెండు రోజుల తర్వాత అమ్మ మళ్ళీ పొద్దుటి రైలెక్కింది. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను కొత్తగా కొన్న టబ్బుకి ఒక చెవి పట్టుకుని అమ్మ ఎక్కిన పెట్టెలోనే ఎక్కాను. టబ్బులో ఐసు కరిగి నా చెప్పులు తడిశాయి.

మార్కెట్ దగ్గర అమ్మ గేటు లోపలికి చూడకుండా, బయట మలుపులో, ఖాళీగా ఉన్న చోట ఆగింది. కాసేపటికి షెడ్డులోంచి, అమ్మ పీట ఇచ్చిన పిన్ని పరుగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

“అక్కా, ఏంటక్కా ఇది? లోపలికి రా. నీ బండ నీదే.”

“నాది కాదమ్మా. నా చేత్తో పసుపు రాసి ఇచ్చా నీకు” అంది అమ్మ. “నీ పాత పీట ఇంట్లో ఉంటే అది తెచ్చిపెట్టు, చాలు. నాకిప్పుడు పీట లేదు.”

పిన్ని మర్నాడు తన పాత కత్తిపీట తెచ్చింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది. అప్పటినుంచి ఇద్దరూ చోట్లు మార్చుకున్నట్టయింది. ఎండ మాత్రం అమ్మ వంతుకి వచ్చింది.

వారం రోజులు నేను కోచింగ్‌కీ వెళ్ళలేదు, ఇంట్లోనూ ఉండలేదు. అమ్మ పక్కన కూర్చుని కవర్లు అందిస్తూ ఉన్నాను. అమ్మ మెడ మళ్ళీ పట్టేసింది. ఎడమపక్క నుంచి వచ్చేవాళ్ళని నేను చెబితే తప్ప చూడలేకపోయేది. ఆ పని ఒక్కటి నాకు దొరికింది.

ఎనిమిదో రోజు నాకు లేవటం ఆలస్యమై తర్వాతి బండికి వెళ్ళాను. వెళ్ళేసరికి అమ్మకి నీడ ఉంది. నాలుగు వెదురు కర్రలు పాతి, పైన ఫ్లెక్సీ గుడ్డ ఒకటి కట్టి ఉంది. బయటినుంచి చూస్తే ఉత్త తెల్లగుడ్డ. వంగి లోపలికి వెళ్ళి తలెత్తితే నేను. కోటు, చొక్కా, రంగు కలవని మెడ, ప్రథమ ర్యాంకు.

“కొత్తవాళ్ళ ఫోటోలు కడతా దీన్ని పీకి పడేస్తంటే అడిగి తెచ్చుకున్నా” అంది అమ్మ.

“బొమ్మ లోపలికి కట్టావేంటమ్మా?”

“ఎండకి రంగు పోద్ది గదే.”

అమ్మ పక్కన కూర్చున్నాను. అప్పుడే ఒక పెద్దాయన సంచీ పట్టుకుని వచ్చాడు. సావడ చేపలు బేరమాడుతూ, వంగినవాడు వంగినట్టే పైకి చూశాడు. బొమ్మని చూసి, నన్ను చూశాడు.

“ఈ అమ్మాయేనా ఫస్టు ర్యాంకు?”

నేను కవర్ల కట్ట విప్పాను. ఏదో ఒక అబద్ధం చెప్పటానికి కూడా రాలేదు.

“మా అమ్మాయేనండి” అంది అమ్మ, చేప తోక కోస్తూ. “అది మాదిరి పరీక్షండి. అసలు దాంట్లో పోయింది. మళ్ళీ రాసిద్ది. ఇయ్యి పొద్దున దిగినయ్యేనండి, మొప్పలు చూసుకోండి.”

ఆయన మొప్పలు చూసుకున్నాడు, తలూపాడు. అమ్మ కోసిన ముక్కలు నేను రెండు చేతులా కవరులోకి తీశాను. వాటికి అంటుకున్న ఐసు చురుక్కుమంది. వేళ్ళు నొప్పెట్టాయి. అన్ని రోజుల తర్వాత అప్పుడొచ్చింది ఏడుపు, కవరు చేతిలో ఉండగానే. అమ్మ మెడ ఇటు తిరగదు కాబట్టి మనిషి మొత్తం తిరిగి నన్ను చూసింది. తర్వాత నా చేతిలోంచి కవరు తీసుకుని, ముడేసి, ఆయనకి ఇచ్చింది.