ఖాళీ చేసి ఇచ్చిన ఇల్లు

మొన్న బ్యాంకులో ఒక ముసలామె కాగితం మీద వేలిముద్ర వేసి, బొటనవేలికంటిన సిరాను అలవాటుగా తలకు తుడుచుకుంది. ఆ సిరా వాసన తగలగానే రాయచోటి రిజిస్ట్రారాఫీసు వరండా, అక్కడ చాప మీద కూర్చుని దస్తావేజులు రాసే ఓబులయ్యన్న గుర్తొచ్చాడు. పందొమ్మిది వందల యాభైల్లో నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను.

ఆయనకు నోరు దురుసు. స్టాంపు కాగితం చేతిలో పెట్టి రాయమంటే రాసేవాడు కాదు. అమ్ముతున్నారా, ప్రేమతో ఇస్తున్నారా, అన్నదమ్ములు పంచుకుంటున్నారా అని ముందు తేల్చుకునేవాడు. అమ్మితే క్రయం, ఊరికే ఇస్తే దానం, పంచుకుంటే భాగపరిష్కారం. నాలుగు దిక్కులా హద్దులు రాసి, ఇద్దరు సాక్షులను కూర్చోబెట్టి, అంతా గొంతెత్తి చదివి వినిపించాకే వేలిముద్ర వేయించేవాడు. దానం ఇచ్చేవాళ్లను మాత్రం ఒక మాట ఎక్కువ అడిగేవాడు: "ఇచ్చినాక నువ్వు యాడుంటావు?" ఆ తర్వాత, 'బతికినంతకాలం ఇందులో ఉండే హక్కు నాదే' అన్న వాక్యం తనే చేర్చేవాడు. ఒక ముసలమ్మ అల్లుడు అది వద్దని గొణిగితే, "అట్లయితే ఇంకొకని దగ్గరికి పోప్పా. ఆ మాట లేకుండా ఈడ కలం కదల్దు" అన్నాడు.

ఒక్కసారి కదిలింది, అదీ తన ఇంటి కోసమే. పెళ్లి చేసుకోకుండా తమ్ముడు చెన్నయ్యను చంకనేసుకుని పెంచిన మనిషి. తమ్ముడికి సంబంధం కుదిరినప్పుడు, తాను కట్టుకున్న ఇంటిని అతనికి దానంగా ఇచ్చాడు. ఆయన చెబుతుంటే నేను రాశాను. చివర్లో ఆగాను.

"అన్నా, ఆ మాట చెప్పలేదే?"

"అక్కర్లేదులే."

"ఊరందరికీ రాస్తావు గదన్నా."

"ఊరోళ్లకు నేను రాతగాన్ని. వానికి అన్నను. అది రాస్తే, నిన్ను నమ్మలేదురా అని చెప్పినట్ల గాదా?"

నాకు మనసొప్పలేదు. కానీ ఇల్లు ఆయనది, తమ్ముడూ ఆయనవాడే.

కొన్నేళ్లకు చెన్నయ్య కడపలో అంగడి పెట్టాలని ఆ ఇంటినే అమ్మజూపాడు. కొనేవాణ్ని వెంటబెట్టుకుని నేరుగా మా వరండాకే వచ్చాడు. "నువ్వే రాయన్నా. హద్దులు నీకు తెలిసినట్ల ఎవురికి తెలుసు" అన్నాడు తలొంచుకుని. నాకు ఒళ్లు మండింది. "మీ అన్న యాడ పండుకోవల్ల చెన్నయ్యా?" అన్నాను. ఓబులయ్యన్న చేయెత్తి నన్ను ఆపి, కలం అందుకున్నాడు. తూర్పున కమ్మరివాళ్ల కొట్టం, పడమర బజారు దారి అంటూ పాత కాగితం చూడకుండానే రాసుకుపోయాడు. 'ఇల్లు ఖాళీ చేసి ఈ దినమే మీకు స్వాధీనం చేశాను' అనే వాక్యం కూడా రాశాడు. ఎప్పటిలాగే అంతా గొంతెత్తి చదివి వినిపించాడు, ఆ వాక్యంతో సహా.

రిజిస్ట్రీ కాగానే ఇంటికి నడిచాడు. నేను పోయేసరికి చాప, చెంబు, వాళ్లమ్మ వాడిన రోకలి వీధిలో పెడుతున్నాడు. కొన్నాయనే జాలిపడి, "నిదానంగా చేద్దువులే పెద్దాయనా" అన్నాడు.

"ఈ దినమే అని రాసినా గదప్పా. నేను రాసింది అబద్ధం కాగూడదు."

ఆ రోకలి నేనే భుజాన వేసుకుని ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చాను. పోయేదాకా మా దగ్గరే ఉన్నాడు. చెన్నయ్యను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆయన తర్వాత అదే చాప మీద నేను చాలా ఏళ్లు రాశాను. దానం ఇవ్వడానికి వచ్చినవాళ్లను ఆయన అడిగిన మాటే అడిగేవాణ్ని. కొందరు నవ్వి, "మావోడేలేప్పా, ఆ మాట ఎందుకు?" అనేవాళ్లు. అట్లా అన్నవాళ్లకు ఆ 'బతికినంతకాలం' వాక్యం మొట్టమొదటే రాసేవాణ్ని.