గదిలో మెంతుల వాసన

నష్వాన్ వాళ్ల ఊరు యెమెన్‌లోని ఇబ్. అక్కడ మధ్యాహ్నం కూర రాతిగిన్నెలో కుతకుతలాడుతూనే నేలమీద పరిచిన గుడ్డ మీదికొస్తుంది. పైన తెల్లటి మెంతి నురుగు. చల్లారేలోపు నలుగురూ రొట్టె తుంచుకుని ముంచాలి. మాటలు ఆ తరవాత.

పరాయి దేశంలో, కాన్‌స్టాంటీన్ అనే ఊళ్లో ఫార్మసీ చదవడానికి వచ్చాక అతని భోజనానికి చప్పుడు లేకుండా పోయింది. హాస్టల్ మెస్‌లో వరసలో నిలబడితే సగం పొడుగు రొట్టె, చల్లారిన మసూర్ పప్పు, ఒక పెరుగు డబ్బా. ఎవరి పళ్లెం వాళ్లు పట్టుకుని ఎవరి మూలకి వాళ్లు పోతారు. ఇక్కడివాళ్లదీ అరబ్బీయే, అతనిదీ అరబ్బీయే. అయినా సగం మాటలు చెవిని రాసుకుని వెళ్లిపోయేవి. రోజు మొత్తంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడే, గదిలో రెండో మంచం మీది బూజెమా. సముద్రపు ఒడ్డున జిజెల్ నుంచి వచ్చినవాడు. గొంతు పెద్దది. గురువారం బస్సెక్కి ఇంటికి పోతే మళ్లీ శనివారం సాయంత్రమే.

ఐదో నెలలో నష్వాన్ మసాలా దినుసుల కొట్టుకి వెళ్లి మెంతిపొడి అడిగాడు.

"ఎవరికి నాయనా, పెళ్లికూతురికా?" అన్నాడు కొట్టు ముసలాయన.

"నాకే, హాజీ."

"నీకా? తిను, తిను. గాలొస్తే ఎగిరిపోయేట్టున్నావు. నెల తిరిగేసరికి బుగ్గలొస్తాయి."

పక్కనున్న ఆడవాళ్లు కొంగుల చాటున నవ్వారు. ఆ ఊళ్లో పెళ్లికి ముందు ఒళ్లు చేయడానికి ఆడపిల్లలు తినేది మెంతులని అతనికప్పుడు తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం మంచం కింద దాచిన కరెంటు పొయ్యి బయటికి తీశాడు. రాత్రే నానబెట్టిన మెంతిపిండిలో నీళ్లు మూడుసార్లు వంపాడు. ఫోన్లో అక్క అర్వా చెప్తూనే ఉంది.

"ఆపకు. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టు. తెల్లబడకపోతే తప్పు మెంతులది కాదు, నీది."

ఫోర్కుతో ఇరవై నిమిషాలు కొడితే తెల్లబడింది. ఉడుకుతున్న కూర మీద వేసుకుని, నాలుక కాలుతున్నా ఆగకుండా తిన్నాడు. ముక్కు కారింది, నెత్తిన చెమట పట్టింది. ఆ మధ్యాహ్నం ఫోన్ చూడకుండానే నిద్రపోయాడు.

శనివారం బూజెమా గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఈ గదిలో ఎవరికైనా సంబంధం కుదిరిందా?" తరవాత కిటికీ బార్లా తీశాడు, జనవరి చలిలో. "జరుగు పెళ్లికూతురా, ఊపిరాడనీ."

రెండు వారాల్లో వసారా అంతటికీ నష్వాన్ పెళ్లికూతురైపోయాడు. నవ్వేవాళ్లతో అతనూ నవ్వాడు. నాలుగో శనివారం మాత్రం బూజెమా నవ్వలేదు. తన చొక్కా తానే వాసన చూసుకుని మంచం మీద పడేశాడు.

"ఎగతాళికి కాదు చెప్తున్నా. ల్యాబ్‌లో నన్నడుగుతున్నారు, ఎన్ని కిలోలు పెరిగావని. నువ్వు అది మానెయ్, లేదంటే నేను గది మారతా."

"మానేస్తాలే," అన్నాడు నష్వాన్, అతని మాట పూర్తి కాకముందే.

మిగిలిన పొడి చెత్తబుట్టలో వేశాడు. ఇద్దరి దుప్పట్లూ తనే ఉతికాడు. మూడు శుక్రవారాలు డబ్బా చేపతో రొట్టె తిన్నాడు. శనివారాలు బూజెమా ఇంటి నుంచి వేయించిన చేపలు తెచ్చి కాగితం మీద పరిచేవాడు. "తినరా, ఇది కంపు కొట్టదు," అనేవాడు. మంచాల మధ్య నేలమీద కూర్చుని ఇద్దరూ ముళ్లు ఏరుకుంటుంటే ఆ కాసేపూ బాగుండేది.

నాలుగో వారం క్లాసు నుంచి వచ్చేసరికి బూజెమా పరుపు చుడుతున్నాడు.

"మావాడి గదిలో మంచం ఖాళీ అయింది. నేనక్కడికి పోతున్నా."

"ఇంకా వాసనొస్తోందా?"

"ఏం వాసన? మానేశావుగా. అదేం కాదురా. వాడు మా ఊరివాడు, అంతే."

పరుపు రెండో కొస నష్వానే పట్టుకున్నాడు. తొమ్మిది తలుపులు దాటి దింపి వచ్చాడు.

పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ శుక్రవారం ఎవరూ ఇళ్లకి పోలేదు. నష్వాన్ మళ్లీ మెంతిపొడి కొన్నాడు. ఈసారి నురుగు ఎప్పటికన్నా తెల్లగా, గిన్నె అంచు దాకా పొంగింది. సగం తిన్నాడు. మిగతా సగం మీది నురుగు చూస్తుండగానే గిన్నెలో అణిగిపోయింది. కాసేపు ఎదురుగా ఉన్న ఉత్త మంచం వైపు చూశాడు. ఉప్పు సీసా నిండుగానే ఉంది. అయినా ఖాళీ కప్పు పట్టుకుని బయల్దేరాడు.

బూజెమా కొత్త గది తలుపు తీసే ఉంది. నలుగురు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఉప్పుందా?"

ఒకడు దగ్గాడు. బూజెమా తలెత్తకుండానే అన్నాడు, "అక్కడే ఆగు. లోపలికొచ్చావంటే ఈసారి గోడలు కూడా నీచేతే కడిగిస్తా."

అందరూ నవ్వారు. ఎవరో చెయ్యి చాచి ఉప్పు పొట్లం అందించారు. నష్వాన్ కప్పులోకి మెల్లగా వంపుకుని పొట్లం తిరిగిచ్చాడు. వాళ్లు పుస్తకాల్లోకి వెళ్లిపోయారు.

కాసేపటికి బూజెమా తలెత్తాడు. "ఇంకేంట్రా?"

"మిరియాలున్నాయా?" అన్నాడు నష్వాన్, గడప ఇవతలే నిలబడి.