చివరి ప్లేటు

ఆస్ట్రేలియాలో, గంగాలిన్‌లో మా పక్కింటి తెలుగు పిల్ల ఆర్మీ క్యాడెట్, మన ఎన్‌సీసీ పిల్లల్లాగే. తన జట్టుకు లీడరు. జట్టంతా తిన్నాకే లీడరు తినాలట. ఇంట్లోనూ అదే మొండితనం.

క్యాంపులో దాని ప్రాణస్నేహితురాలు కాపలా వేళ నిద్రపోయింది. ఆఫీసరు అడిగితే ఈ పిల్ల నిజం చెప్పేసింది. ఆ వారమే తన పుట్టినరోజుకు జట్టునంతా పిలిచింది. ఒక్కరూ రాలేదు. బిర్యానీ చల్లారిపోయింది.

"తినవే," అన్నాను.

"వాళ్ళింకా తినలేదు అమ్మమ్మా. ఐ కాంట్."

"ఇక రారే, పిచ్చిదానా! అబద్ధం చెప్పుంటే వచ్చేవాళ్ళు."

"అప్పుడూ తినలేను, అమ్మమ్మా."

నేను మా ఇంట్లో కడుపునిండా తినే వెళ్ళాను. అయినా ప్లేటు లాక్కుని, దాని ఎదురుగా కూర్చుని, ఆయాసపడుతూ మళ్ళీ తిన్నాను.

"జట్టు తినేసింది. ఇక నువ్వు తిను."

నవ్వలేదు. లేచి, ప్లేటు తెచ్చుకుంది.